నిండు గోడ

నా పేరు సంగప్ప. మాది సిర్గాపూర్. మేస్త్రి పని మొదలుపెట్టి ముప్పై ఆరేళ్లయింది. నారాయణఖేడ్ చుట్టుపక్కల నేను కట్టిన ఇళ్లలో ఒక్క గోడా పగులు పట్టలేదు. పట్టిందని ఎవడైనా అంటే, వాణ్ని ఆ ఇంటికే తీసుకెళ్లి ఎక్కడో చూపించరా అని నిలబెడతాను. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. నా కోపం పని మీదే తప్ప మనుషుల మీద కాదని నేనంటాను. నా భార్య మాత్రం ఒప్పుకోదు.

ఈ కథలో తప్పు నాది. ముందే చెప్పేస్తున్నాను. నా తప్పు ఇంకొకరి నోట వినడం నాకు చేతకాదు.

మా వైపు ఒక అలవాటు ఉంది. కొత్త గోడ లేచిందంటే పెద్దమనిషి ఎవరో ఒకరు వచ్చి పిడికిలితో గుద్ది చూస్తాడు. రాయిని గుద్దినట్టుంటే మేస్త్రికి చాయ్ తాగిస్తారు. డొల్ల చప్పుడు వచ్చిందా, ఇక ఆ మేస్త్రి పరువు పోయినట్టే. కలిపిన సిమెంటు మాలు మిగుల్చుకుని లోపల ఖాళీ వదిలాడని బజారంతా చెప్పుకుంటారు. ముప్పై ఆరేళ్లలో నా గోడ ఒక్కటీ డొల్లగా మోగలేదు.

పోయిన ఏడాది చివర్లో నారాయణఖేడ్ బయట కంగ్టి రోడ్డు పక్కన ఆడపిల్లల బడి, హాస్టల్ కట్టాలని కబురొచ్చింది. అమ్మానాన్నలు కూలికి హైదరాబాద్ పోతే వాళ్ల వెంట పిల్లలూ పోయి చదువు మానేస్తున్నారు. అట్లాంటి పిల్లలు ఇక్కడే ఉండి చదువుకోవడానికి ఆ బడి. భూమి ఇచ్చింది బసవరాజ్ పటేల్. కమిటీకి పెద్ద కూడా ఆయనే.

కట్టడం గీసింది సుహాసిని. కల్హేర్‌లో రైతుల ఇంటి పిల్ల, హైదరాబాద్‌లో ఆర్కిటెక్టు చదివింది. మొదటి రోజే నా ముందు ఇటుకలు పేర్చి చూపించింది. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టింది. బయట ఒక వరస, లోపల ఒక వరస, రెండింటినీ కలుపుతూ అక్కడక్కడ అడ్డం ఇటుక. మధ్యలో నా చెయ్యి పట్టేంత ఖాళీ.

"దీన్ని ఎలుకబోను కట్టుడు అంటరు కాకా," అంది.

"ఎలుకలకు కడ్తున్నమా బిడ్డా, పిల్లలకు కడ్తున్నమా?"

పిల్ల నవ్వింది. నవ్వి ఊరుకోలేదు, నన్ను నీడకు కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. "గా ఖాళీల గాలి కదలకుండ ఉంటది. ఎండ బయటి ఇటుకను కాలుస్తది గని, ఆ వేడి లోపలి ఇటుకదాక జల్దీ రాదు. ఇటుకలు పావు వంతు తక్కువ పడ్తయి. సిమెంటు గూడ తక్కువే. మనం కొనని ఇటుకకు బట్టీల బొగ్గు కాల్చే పని లేదు గదా. ఏసీ లేకుండ పిల్లలు నిద్ర పోవాలె. పొద్దంత లైటు వెయ్యకుండ చదువుకోవాలె. గంతే కాకా, నేను అడిగేది."

కిటికీలన్నీ ఉత్తరానికి, దక్షిణానికే పెట్టింది. పడమట కిటికీ లేదు. కప్పులో కాంక్రీటు తగ్గించడానికి మట్టి కుండలు బోర్లించి వేయమంది. అబ్బో, ఆ కుండలు చూసి నేను ఎంత ఎగతాళి చేశానో! అయినా పిల్ల మాటలో నిజం ఉందనిపించింది. సరేనన్నాను.

ముందు రెండు గదులు కట్టి చూడమంది కమిటీ. ఒకటి చదువుకునేది, ఒకటి పడుకునేది. ఏప్రిల్‌లో సాయంత్రం ఏడు గంటలకు రెండు గదుల్లోనూ వేడి ముప్పై మూడు డిగ్రీలు దాటకూడదు. దాటకపోతే మిగిలిన పన్నెండు గదులూ ఇట్లాగే కట్టాలి. దాటితే సుహాసిని గీసిందంతా పక్కన పెట్టి అందరిలాగే సిమెంటు బిళ్లల గోడలు, పూర్తి కాంక్రీటు కప్పు. ఇదీ షరతు.

చదువుకునే గది ఆమె చెప్పింది చెప్పినట్టే కట్టాను. గోడలు లేచిన వారానికి బసవరాజ్ పటేల్ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చీరాగానే పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. డబ్ మని మోగింది.

"ఏనప్పా సంగప్పా! గోడ కట్టినవా, డబ్బా కట్టినవా?"

వెనకున్న నలుగురూ నవ్వారు. సుహాసిని పరుగున వచ్చి ఖాళీ ఎందుకో చెప్పింది. పటేల్ తలూపి, "మేడమ్ చెప్తే సరే," అన్నాడు. అక్కడితో అయిపోవాల్సింది. కానీ రెండు రోజుల తర్వాత బస్ డిపో దగ్గర చాయ్ తాగడానికి పోతే ఎవడో, "డబ్బా మేస్త్రి వచ్చిండు, జరుగుర్రి," అన్నాడు. సగం చాయ్ వదిలేసి లేచాను. ఆ మాటన్నవాణ్ని ఏమీ అనలేకపోయాను. గోడ నిజంగానే మోగింది కదా.

పడుకునే గది సగం లేచేసరికి సుహాసిని తలుపుల పని మీద హైదరాబాద్ పోయింది. మూడు రోజులకు గాని రాదు. పడమటి గోడ అప్పుడే మొదలుపెట్టాం. రోడ్డు వైపు గోడ అదే. ఎవరొచ్చినా ముందు దాన్నే గుద్దుతారు.

"భాగ్యా, ఇటుక ముక్కలు తట్టలకెత్తు. మాలు గూడ తే," అన్నాను.

భాగ్య నా దగ్గర ఆరేళ్లుగా మాలు అందిస్తోంది. నోరున్న మనిషి. "గదేంది కాకా, మేడమ్ ఖాళీగ ఉంచుమన్నది గదా?"

"మేడమ్ చదువు మేడమ్‌ది, నా చెయ్యి నాది. తెస్తవా తేవా?"

తెచ్చింది. ఒక్కో వరస లేపుతూ మధ్యలో ఖాళీనంతా ఇటుక ముక్కలతో, మాలుతో కూరాను. నిజం చెబుతున్నాను, దొంగతనం చేస్తున్నట్టు అనిపించలేదు. పిల్లలు పడుకునే గదికి గట్టి గోడ కడుతున్నాననే అనిపించింది. మూడో రోజు గోడ గుద్ది చూసుకుని మురిసిపోయాను కూడా. తిరిగొచ్చిన సుహాసిని, సిమెంటు మూడు బస్తాలు ఎక్కువ ఎందుకు పట్టిందని అడిగింది. గడ్డకట్టి పాడైందని చెప్పాను. నా జన్మలో పని గురించి నేనాడిన మొదటి అబద్ధం అదే.

ఏప్రిల్ వచ్చింది. రెండు గదుల్లో వేడి కొలిచే మీటర్లు వేలాడదీశారు. సుహాసిని రోజూ సాయంత్రం ఏడింటికి అంకెలు రాసుకునేది. చదువుకునే గదిలో ముప్పై రెండు, ముప్పై రెండున్నర. పడుకునే గదిలో ముప్పై ఆరు. మర్నాడూ ముప్పై ఆరే. పిల్ల మీటర్లను అటుదిటు, ఇటుదటు మార్చి చూసింది. కప్పు ఎక్కి కుండలు వేసిన చోటంతా తడిమింది. కిటికీలు మూసి చూసింది, తెరిచి చూసింది. అరుగు మీద కాగితాలు పరుచుకుని లెక్కలు మొదటినుంచి వేసింది. నేను పక్కనే ఇటుకలు తడుపుతూ చూస్తున్నాను. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఎండంతా పడేది పడమటి గోడ మీదేనని నాకు అప్పుడు తట్టింది. అప్పుడు తట్టి ఏం లాభం, నా మొహం.

పన్నెండు రోజులు అట్లాగే గడిచాయి. సోమవారం కమిటీ కూర్చుంటుందన్నారు. ఆదివారం పని లేకపోయినా భాగ్య వచ్చింది. నేను ఊరికే గది చుట్టూ తిరుగుతున్నాను.

"కాకా, పోయిన ఎండాకాలం పట్నంల రేకుల షెడ్డుల ఉన్నం. రోజకు ఒళ్లంత చెమట పొక్కులు లేచినయి. నిద్ర లేక ఏడ్చేది. గీ బడి అయితే గీడ చేర్పిస్త అనుకున్న." రోజ ఆమె బిడ్డ, ఈ జూన్‌లో ఆరో తరగతికి రావాలి.

"అయితే నువ్వే చెప్పు మేడమ్‌కు," అన్నాను కోపంగా.

"నేనెందుకు చెప్త? గోడ నీది." ఆ మాట అనేసి వెళ్లిపోయింది. ఆమె మీద కోపం రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

సోమవారం పొద్దున పడుకునే గదిలోనే కుర్చీలు వేశారు. పటేల్, ఇంకో ఇద్దరు కమిటీ వాళ్లు, సుహాసిని. పిల్ల ముఖం పీక్కుపోయి ఉంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సుహాసినీ, ఇగ పరేషాన్ గాకు," అన్నాడు పటేల్ మెత్తగా. "నువ్వు మంచిగనే ఆలోచించినవ్. గని పిల్లలు పండే గదే గిట్ల కాలుతుంటే ఎట్ల? మామూలు కట్టుడు కడ్దాం."

"నా లెక్కల ఎక్కడనో తప్పున్నది పటేలా," అంది పిల్ల. "ఎక్కడున్నదో నాకు తెలుస్తలేదు. తప్పు నాదే."

తప్పు నాదే అని ఆ పిల్ల అనేసరికి ఇక గుమ్మం దగ్గర నిలబడలేకపోయాను. బయటికి పోయి సుత్తె, ఉలి తెచ్చాను. ఎవరినీ అడగలేదు. పడమటి గోడ దగ్గర కూర్చుని నా చేతులతో పూసిన సిమెంటు గిలాబు మీద ఉలి పెట్టి కొట్టాను.

"ఏయ్ సంగప్పా! ఏం చేస్తున్నవ్?" పటేల్ లేచాడు.

ఒక ఇటుక ఊడింది. దాని వెనక ఖాళీ ఉండాల్సిన చోట రాయిలా గట్టిపడిన మాలు, అందులో ఇటుక ముక్కలు. ఇంకో ఇటుక ఊడదీశాను. అక్కడా అంతే.

"పిల్ల లెక్క తప్పు గాదు పటేలా," అన్నాను. "నేను నింపిన. మేడమ్ పట్నం పోయినప్పుడు గోడంత నింపిన. సిమెంటు గడ్డకట్టిందని అబద్ధం చెప్పిన."

"ఎందుకప్పా?"

"మీరు డబ్బా అన్నరు. డిపో కాడ గూడ డబ్బా మేస్త్రి అన్నరు. నాకు సిగ్గైంది."

పటేల్ తన పిడికిలిని ఒకసారి చూసుకుని కుర్చీలో కూర్చున్నాడు. సుహాసిని మాత్రం ఆ కన్నం ముందుకు వచ్చి, లోపల వేలు పెట్టి మాలు గీకి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పన్నెండు దినాలు, కాకా," అంది. "పన్నెండు దినాలు నువ్వు పక్కనే ఉన్నవ్. నేను కప్పెక్కితే నిచ్చెన పట్టుకున్నవ్. నాకు పని రాదని నేను ఏడుస్తుంటే నీళ్లిచ్చినవ్. ఒక్క మాట చెప్పలే."

నాకు కోపం ఎక్కువని చెప్పాను కదా, ఆ పూట అది ఎక్కడికి పోయిందో తెలియదు. ఊడిన రెండు ఇటుకలూ ఏరి గోడకు ఆనించాను.

పటేల్ కుర్చీలోంచి లేచాడు. "ఆ గోడ విప్పి మళ్ల కట్టాలె. మళ్ల కొలవాలె. బీదర్ నుంచి వేరే మేస్త్రిని పిలిపిస్త."

"వద్దు," అంది సుహాసిని. కళ్లు తుడుచుకుంది. "ఆయననే కట్టనియ్యుండ్రి. ఆయన చెయ్యి మంచిదే. గని మూడు వరసలకు ఒకసారి ఆగాలె. నేను లోపల చెయ్యి పెట్టి చూసినంకనే పైకి పోవాలె."

ముప్పై ఆరేళ్లలో నా పని మీద ఎవరూ కాపలా కూర్చోలేదు. వేరే మేస్త్రిని పిలుస్తానన్నప్పటికన్నా ఈ మాటే ఎక్కువ నొచ్చింది. సరేనన్నాను.

కప్పు బరువంతా ఉత్తరం, దక్షిణం గోడల మీదే ఉంది కాబట్టి పడమటి గోడ విప్పినా భయం లేదు. నేను కట్టిన గోడను నేనే పగలగొట్టడం అదే మొదటిసారి. రెండు రోజులు పట్టింది, అంత గట్టిగా కట్టాను మరి. కొత్త గోడ మూడు వరసలకు ఒకసారి ఆగుతూ కట్టాను. సుహాసిని ప్రతిసారీ వచ్చి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసి పోయేది. గోడ ఆరాక మే రెండో వారంలో ఐదు సాయంత్రాలు కొలిచారు. మిగతా ఊరంతా ఉడికిపోతున్న రోజులవి. ఐదు సాయంత్రాలూ ఆ గదిలో ముప్పై మూడు దాటలేదు. పన్నెండు గదులకూ కమిటీ సరేనంది, అవి లేచేదాకా ఉన్న రెండు గదుల్లోనే బడి నడుపుతామంది. భాగ్య ఆ రోజు పనిలోంచి గంట ముందే వెళ్లిపోయింది, రోజ పేరు రాయించడానికి.

తర్వాతి వారం మూడో గదికి పునాది మీద గోడ మొదలైంది. మూడు వరసలు పేర్చి, గుండు దారం పట్టి చూసుకుని, తాపీ కింద పెట్టాను. సుహాసిని అవతల కుమ్మరితో కుండల గురించి మాట్లాడుతోంది. ఇంతకుముందు ఆమే వచ్చి చూసేది. ఈసారి నేనే కేకేశాను.

"మేడమ్, మూడు వరసలైనయి. వచ్చి చూసుకో."

వచ్చింది. చెయ్యి లోపలికి పెట్టి వెతికి, జారిపడిన మాలు ముద్ద ఒకటి, గుప్పెడంత, బయటికి తీసి నా అరచేతిలో పెట్టింది.

"కావాలని ఎయ్యలే బిడ్డా, జారి పడ్డది," అన్నాను.

"తెలుసు." చెయ్యి దులుపుకుంది.

"ఇంకెన్ని దినాలు చూస్తవ్ గిట్ల?"

"నమ్మకం కుదరాలె గదా కాకా. టైం పడ్తది."

"పట్టనియ్," అన్నాను. "పన్నెండు గదులున్నయి."