పోశన్న జేబు మీది చీటీ

ఈ చీటీల సంగతి ద్రౌపదికి మొదటి నుంచీ నచ్చలేదు.

మూడో తరగతి పిల్లలకు చదవడం రావాలంటే కంటికి కనిపించే ప్రతి వస్తువు మీదా దాని పేరు ఉండాలని శుభాంగి మేడం చెప్పింది. ఊరు మహారాష్ట్రలోది కాబట్టి పిల్లలు మరాఠీలో పేర్లు రాసుకుని ఇళ్లకు పట్టుకొచ్చారు. ద్రౌపది కూతురు శ్రేయ తలుపుకు తలుపనీ, బిందెకు బిందె అనీ, ఉప్పు డబ్బాకు ఉప్పనీ అంటించింది. కొట్టంలో బర్రె కొమ్ముకు దాని చీటీ కట్టింది. చివరికి తాత పోశన్న చొక్కా జేబు మీద ‘ఆజోబా’ అని అంటించింది, అంటే తాత అని. పోశన్న ఆ చీటీతోనే కర్ఖేలి సంతకు పోయి వచ్చాడు.

"ఎవలన్న నవ్విండ్రా మామా?" అని ద్రౌపది భయంభయంగా అడిగింది.

"ఎందుకు నవ్వుతరు? ఉన్నదే రాసుండె గద."

ద్రౌపది అసలు భయం వేరే. శ్రేయ పాఠం గడగడా చదివేది. కానీ ఒకరోజు చూస్తే పుస్తకంలో ఆవు కాళ్లు ఆకాశంలో ఉన్నాయి. పిల్ల పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని చదువుతోంది! అది చదువో, కంఠతానో తేల్చుకోవడం ద్రౌపది వల్ల కాదు. ఆమె పుట్టిల్లు బాసర పక్కన, చదివింది నాలుగో తరగతి దాకా తెలుగులో. మరాఠీ మాట్లాడుతుంది గాని, ఆ అక్షరాలు ఆమె కంటికి దండెం మీద ఆరేసిన బట్టల్లా ఉంటాయి.

ఇంతలో తాలూకా నుంచి బళ్లు తనిఖీ చేసే శంకర్రావు సాహెబు ఇంటింటికీ వచ్చి పిల్లల చేత చీటీలు చదివిస్తాడని కబురొచ్చింది. చదవలేని వాళ్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతారట. కూర్చోబెడితే పిల్ల సిగ్గుతో బడి మానేస్తుంది. మానేస్తే పత్తి ఏరడానికి పోతుంది. పత్తి చేలో పాము ఉంటుంది. ద్రౌపది ఏ ఆలోచన ఎక్కడ మొదలుపెట్టినా పాము దాకా పోయేది.

సాహెబు వచ్చే రోజు పొద్దున, శ్రేయ బడికి పోయాక, చీటీలకు చీమలు పట్టడం కనిపించింది. మైదాపిండి ఉడికించిన లైతో అంటించారు మరి. చీమ పిల్ల చెవిలో దూరితే? ద్రౌపది చీటీలన్నీ పీకి, తడిగుడ్డతో తుడిచి, చాప మీద ఆరబెట్టింది. దుకాణం నుంచి గోందు జిగురు సీసా తెచ్చింది. తీరా అంటించబోతే ఏది దేనిదో తెలియలేదు.

"మామా, నీకేమన్న యాదికున్నదా?"

పోశన్నకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. అయినా కూర్చుని అన్నీ పరీక్షగా చూశాడు. "గిది నాది. జూడు, నెత్తి మీద రుమాలు కొసల లెక్క రెండు గీతలున్నయి. మనిషి గూడ నా లెక్కనే దొడ్డుగున్నడు."

ద్రౌపది బడి గేటు దాకా పోయింది శ్రేయను అడుగుదామని. అడిగితే పిల్ల నీళ్లు నమిలితే? ఆ సంగతి తెలిసేదేదో సాయంత్రమే తెలియనీ అని వెనక్కి తిరిగి, ఇంటికొచ్చి, దేవుడికి దండం పెట్టుకుని, మామ ఏరుకున్నది మామ జేబుకే పెట్టి, మిగతావి చేతికొచ్చినట్టు అంటించేసింది.

సాహెబు సాయంత్రం వచ్చాడు. వెనక శుభాంగి మేడం, శ్రేయ.

"ఇది చదువు," అన్నాడు మరాఠీలో, తలుపు మీది చీటీ చూపించి.

శ్రేయ చీటీ చూసింది. తలుపు చూసింది. మళ్లీ చీటీ చూసింది. "ఉప్పు," అంది.

మేడం దగ్గింది. "సరిగ్గా చూడు శ్రేయా. దాన్ని తెరుచుకునే కదా లోపలికి పోతాం."

"ఉప్పే మేడం."

బిందె మీది చీటీ చూసి పొయ్యి అంది. ద్రౌపది గోడకు ఆనుకుంది. పోశన్న మాత్రం ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "ఇగ నన్ను సదువు బిడ్డా."

శ్రేయ రెండడుగులు వెనక్కి వేసింది. "నేను సదువ తాతా."

"ఎందుకు? అచ్చరాలు కనవడ్తలేవా?"

"కనవడ్తున్నయి."

"మరింక బెదురెందుకు? గట్టిగ సదువు."

శ్రేయ కళ్లు మూసుకుని గట్టిగానే చెప్పింది. "బర్రె!"

ద్రౌపది పరుగున వచ్చి మధ్యలో నిలబడింది. "సాహెబ్, పిల్లకు పొద్దటి సంది జరమున్నది. ఒకటో తరగతిల ఎయ్యకుండ్రి. చీటీలు నేనే పీకి అంటిచ్చిన. నాకు మీ అచ్చరాలు రావు."

సాహెబు అరుగు మీద కూలబడ్డాడు. "ఊరంతా తిరిగానమ్మా. ప్రతి ఇంట్లో పిల్లలు బిందెను చూసి బిందె అన్నారు. ఒక ఇంట్లో చీటీ ఊడిపోయి ఉంది, అయినా చదివేశారు. కాగితం మీద ఉన్నది చదివింది ఈ పిల్ల ఒక్కతే. సొంత తాతను కూడా వదల్లేదు."

"అంటె నా మనవరాలికి సదువచ్చినట్టేనా?" అన్నాడు పోశన్న.

"వచ్చినట్టే."

"మరి నేను బర్రెనేనా?"

"ప్రస్తుతానికి," అన్నాడు సాహెబు. మళ్లీ తాను వచ్చేదాకా ఈ ఇంట్లో ఒక్క చీటీ కదలకూడదనీ, మిగతా ఇళ్లలోనూ ఇలాగే తారుమారు చేయాలనీ మేడంకు చెప్పి పోయాడు.

చాయ్ హోటల్లో శివన్న, "ఏం పోశన్నా, పూటకెన్ని పాలిస్తున్నవ్?" అని నవ్వాడట. "నన్ను బర్రె అని సదివేటంత దమ్మున్న పిల్ల మీ ఇంట్ల ఉన్నదా?" అని పోశన్న కసిరాడట.

మర్నాడు పొద్దున్నే పక్కింటి సంగవ్వ చీటీల మూటతో దిగింది. "మాయి గూడ నువ్వే అంటియ్యాలె ద్రౌపదీ."

"నాకు సదువ రాదక్కా."

"గందుకే అచ్చిన. మా ఇంట్ల అందరికి సదువస్తది. ఎంత తప్పు అంటిద్దమన్న చెయ్యి సక్కటి తావుకే పోతున్నది."

ద్రౌపది గోందు సీసా తీసుకుని పోయింది. సంగవ్వ తలుపు మీద మొదటి చీటీ అంటించగానే ఆగిపోయింది. చదవకుండా అంటించినప్పుడు ఏదో ఒకటి పొరపాటున సరైన చోటే పడితే? సాహెబు చూస్తే? మేడం ఉద్యోగం ఊడితే? బడే మూసేస్తే?

"శ్రేయా, గిటు రా బిడ్డా. గిది జర సదువు."

శ్రేయ పరుగెత్తుకొచ్చి చూసింది. "తలుపు."

ద్రౌపది దాన్ని చటుక్కున పీకి, ఎవరూ చూడకముందే సంగవ్వ వీపుకు అంటించింది.