తారు ఆరని పడవ

నేను ఒక నాటు పడవను. ఇప్పుడు పొన్నలంక ఒడ్డున ఇసుకలో ఒక పక్కకి ఒరిగి పడుకున్నాను. నా అడుగు చెక్కల్లో మూడు ఊడిపోయాయి, నాలుగోది ఏ గోదావరి వరదకో పోతుంది. అయినా మనుషులు వచ్చి నా అంచు మీద కూర్చుంటారు. మాట్లాడుకుంటారు. పడవ వింటుందని ఎవరూ అనుకోరు కాబట్టి మనసు విప్పి మాట్లాడుకుంటారు.

నన్ను తాళ్ళరేవులో చేశారు. మద్ది చెక్క కోసి, సందుల్లో దూది కూరి, గుగ్గిలం పట్టించి, తారు పూసి, పసుపూ కుంకుమా పెట్టి నీళ్ళలోకి తోశారు. నన్ను చేయించుకున్నవాడు వీరభద్రం. పొన్నలంక రేవు పాట అతనిదే. అంటే పంచాయతీ వారి వేలంలో పాడుకుని, ఏడాది పొడుగునా జనాన్ని లంక నుంచి అవతలి గట్టుకీ, అక్కడి నుంచి ఇవతలికీ దాటించే హక్కు. బడి, ఆసుపత్రి, సంత, అన్నీ అవతలే. ఇవతల కొబ్బరిచెట్లూ మనుషులూ మాత్రమే. అందుచేత ఏ పనున్నా నన్ను ఎక్కాల్సిందే.

ఓట్లు అడగడానికి వచ్చేవాళ్ళూ నన్నే ఎక్కేవారు. ఒడ్డు చేరకముందే నా మీద లేచి నిలబడి, చేతులు జోడించి, "ఈసారి మీకు వంతెన కట్టించి తీరతాం" అనేవారు. నా మీద నిలబడి నాకు మరణశాసనం చదివేవారన్నమాట. నాకు బాధ కలిగేది కాదు. అలా మాటిచ్చినవాళ్ళందరినీ నేనే మళ్ళీ అవతలికి దింపాను.

ఏటా ఏప్రిల్ నెలాఖరున, పరీక్షలు అయిన మర్నాడే, కాకినాడ నుంచి హైమావతి వచ్చేది. వీరభద్రం చెల్లెలి కూతురు. రెండు జడలు, భుజానికి గుడ్డసంచి. అవతలి గట్టు మీద నిలబడి "మావయ్యోయ్" అని అరిచిందంటే నీటి కాకులు లేచిపోయేవి. వచ్చిందంటే జూన్ దాకా నా మీదే కాపురం. ముందు చెక్క మీద కూర్చుని, అడుగున ఊరిన నీటిని సత్తు చెంబుతో తోడి పోయడం ఆ పిల్ల పని. అది పని అని ఎవరూ అనలేదు, తనే పెట్టుకుంది. మధ్యాహ్నం ఎవరూ దాటనప్పుడు నన్ను ఇసుక తిప్పకి ఆనించి, పుచ్చకాయ రాతికేసి కొట్టి, తొక్కలు నీళ్ళలోకి విసిరి చేపపిల్లలు మూగడం చూసేది. వాళ్ళ అత్త చంద్రకాంతం ముంజలు పంపితే అవి తిని, చేతులు నా చెక్కకే తుడిచేది. నాకు అంటిన మరకల్లో సగం ఆ పిల్లవే.

పదకొండో ఏట గెడ పట్టుకోవడం నేర్చుకుంది. పొడవాటి వెదురు గెడ, పొట్టి పిల్ల. గెడ బురదలో దిగబడితే దానితోపాటు తనూ వేలాడేది.

"ఓటేసినోళ్ళే దేశాన్ని నడుపుతారంట మావయ్యా. మా సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఉంది."

"దేశం సంగతి తర్వాత. ముందు గెడ వదలకుండా పడవ నడుపు" అని నవ్వేవాడు వీరభద్రం.

ఆ ఏడు ఎన్నికలు నడివేసవిలో వచ్చాయి. పొన్నలంక వాళ్ళకి పోలింగు అవతలి గట్టు మీద బడిలో. లంక చివర ఒక పేట ఉంది. ఎనభై ఓట్లు ఉంటాయి. అంతకుముందు ఎన్నికల్లో పంచాయతీ ప్రెసిడెంటు గంగరాజు గారి మనుషులు ఎవరికి వెయ్యమంటే వాళ్ళకి వేసి వచ్చేవారు. ఈసారి పేటలో మార్తమ్మ అనే ఆమె అందరినీ కూడగట్టింది. కొబ్బరిపీచు తీసే పనిలో ఆమె చేతులు రంపంలా ఉండేవి, మాట మాత్రం మెత్తన. మంచినీళ్ళ బోరు అడిగి అడిగి విసిగిపోయాం, ఈసారి మనకి నచ్చినవాడికి వేసుకుందాం అంది. ఆ మాట ప్రెసిడెంటు గారి చెవిన పడింది.

ఓట్ల ముందురోజు సాయంత్రం ఆయన రేవుకి వచ్చారు. నన్ను ప్రేమగా చూశారు.

"పడవకి తారు పూసి చాలా రోజులైనట్టుందే, భద్రం?"

"పోయిన దసరాకి పూశానండి."

"రేపు పూసెయ్యి. ఆరాలి కదా, ఎల్లుండి దాకా తిప్పకు. మా వాళ్ళకి లాంచీ మాట్లాడి ఉంచాను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "అన్నట్టు, రేవు పాట వచ్చే నెలే."

అంతే. ఒక్క కటువు మాట లేదు.

మర్నాడు తెల్లవారగానే వీరభద్రం నన్ను బోర్లా తిప్పి తారు కాచాడు. ఏటా పూసే చెయ్యే అది, కానీ ఆ రోజు కుంచె గుండ్రంగా తిరగలేదు. ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా పూశాడు. మార్తమ్మ వచ్చేసరికి నేను బోర్లా పడ్డ తాబేలులా నల్లగా నిగనిగలాడుతున్నాను. ఆమె వెనక పేట జనం. ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకున్నారు. కొందరు పూలు పెట్టుకున్నారు.

"పడవకేమైంది భద్రం?"

"చిల్లు పడింది మార్తమ్మా" అన్నాడు వీరభద్రం, తారు డబ్బాలోకి చూస్తూ.

పక్కనే కూర్చుని ఈతపళ్ళు తింటున్న హైమ తలెత్తింది. "చిల్లేంటి మావయ్యా? నిన్న సాయంత్రం నేను చెంబు ముట్టుకోనేలేదు కదా. ఒక్క చుక్క రాలేదు."

వీరభద్రం చెయ్యి పైకి లేచింది. పిల్ల కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి అలాగే గాలిలో కాసేపు ఉండి, మెల్లగా దిగి, మొలలో ఉన్న తువ్వాలు తీసి మొహం తుడుచుకుంది. మొహమంతా తారైంది.

మార్తమ్మ కోప్పడలేదు. "చిల్లుంటే ఉండనీ భద్రం. మా దగ్గర చెంబులున్నాయి. తోడుకుంటా ఎల్తాం. నీకు మాటొస్తదంటే చెప్పు, పడవ ఒద్దు. ఏసవి ఏరు, పీకల్లోతుకి మించి ఉండదు. నడిచెల్తాం. కానీ మా అత్త నడవలేదు."

ఆమె అత్త సువార్తమ్మకి ఎనభై దాటాయి. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుంటే నిలబడి ఉంది. ఓటు చీటీని కొంగున ముడివేసుకుని, ఆ ముడిని గుప్పిట్లో పట్టుకుంది. వీరభద్రం ఆ గుప్పిటవైపు చూశాడు. తర్వాత మేనకోడలివైపు చూశాడు. ఆ పిల్ల ఏడవడం లేదు, భయపడడమూ లేదు. మావయ్య అబద్ధం ఎందుకు చెప్పాడా అని ఆలోచిస్తోంది. అది దెబ్బకంటే గట్టిగా తగిలినట్టుంది అతనికి.

"చెయ్యెయ్యండి" అన్నాడు. "తారు ఆరలేదు. బట్టలు జాగర్త."

బట్టలు ఎవరు చూసుకున్నారు? ఇరవై మంది నన్ను పట్టుకుని తిప్పారు. తారు అరచేతులకీ మోచేతులకీ చీర అంచులకీ అంటుకుంది. అలా తారు ఆరకుండా నీళ్ళలో దిగడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. వీరభద్రం ఆ రోజు గెడ వదల్లేదు. ప్రతి ఖేపుకీ పదిహేను మంది. మధ్యలో లాంచీ ఒకటి మమ్మల్ని దాటుకుని పోయింది. అందులో ప్రెసిడెంటు గారు ఉన్నారు. వీరభద్రం మామూలుగానే నమస్కారం పెట్టాడు. ఆయన పెట్టలేదు.

ఆఖరి ఖేపు నాలుగు దాటాక బయలుదేరింది. ఐదింటికి పోలింగు ఆఖరు. సువార్తమ్మ ఉన్నది ఆ ఖేపులోనే. ఏటి మధ్యలో కొత్తగా మేట వేసిన ఇసుక తిప్ప ఒకటి నీళ్ళ కింద దాక్కుని ఉంది. దాని మీదకెక్కి నేను కూలబడ్డాను. వీరభద్రం గెడ వంగిపోయేలా తోశాడు. నేను కదల్లేదు. నాకు సిగ్గేసింది, కానీ పడవ సిగ్గుపడితే తేలుతుందా?

హైమ ముందుగా దూకింది. మొలలోతు నీళ్ళు. ఆ పిల్ల వెనకే ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. దిగనిది ఒక్క సువార్తమ్మే.

"నన్ను దింపకండే. తడిస్తే చీటీ పాడైపోద్ది" అంది.

అందరూ నవ్వారు. నవ్వుతూనే తోశారు. అంతమంది నవ్వుతూ తోస్తే ఏ పడవైనా కదులుతుంది. అవతలి గట్టుకి తగిలేసరికి ఐదుకి ఇంకా కొంచెం టైముంది. ముసలమ్మని గట్టు మీద కాచుకుని ఉన్న ఇద్దరు మొగాళ్ళు చేతుల కుర్చీ మీద ఎత్తుకుని పరిగెత్తారు.

బడిలో ఏం జరిగిందో తిరుగు దారిలో విన్నాను. మార్తమ్మ ఎడమ చూపుడువేలు చాపితే, సిరా పెట్టే ఉద్యోగి తల పట్టుకున్నాడట. వేలంతా తారే. "ఇప్పటికే ఇంత నలుపుంటే నేను ఎక్కడ పెట్టనమ్మా?" అని కిరసనాయిలు తెప్పించి ఒక్కొక్కరి వేలూ తుడిపించి మరీ పెట్టాడట. సువార్తమ్మ దారి పొడుగునా తన వేలునే చూసుకుంది.

ఫలితాలొచ్చాయి. పేట వాళ్ళు వేసిన మనిషి ఓడిపోయాడు. "పోతే పోయాడు" అంది మార్తమ్మ నా అంచు మీద కూర్చుని. "మనం ఎంతమందిమో అందరికీ తెలిసింది కదా." అప్పుడే హైమ చేత ఒక అర్జీ రాయించింది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, గుండ్రటి బడి అక్షరాలు. రాసి పైకి చదివింది: "అయ్యా, మా ఊరికి ఏరు అడ్డం. ఓటు అడగడానికి అందరూ ఏరు దాటి మా దగ్గరికి వస్తున్నారు. ఓటు వెయ్యడానికి మేమే ఎందుకు దాటాలి? పెట్టెను కూడా దాటించండి." చదువుతున్నంతసేపూ వీరభద్రం మోకు పేనుతున్నట్టే కూర్చున్నాడు, కానీ వేళ్ళు కదలలేదు.

మరుసటి నెల రేవు పాట వేరేవాళ్ళకి పోయింది. వీరభద్రం, చంద్రకాంతం సామాను కట్టుకుని కాకినాడ వెళ్ళిపోయారు, సముద్రం మీద వేటకి. ఏటి పడవ సముద్రానికి పనికిరాదు. నన్ను మార్తమ్మకి అప్పజెప్పాడు. "వాడుకోండి. ఎండలో వదిలెయ్యకండి, చెక్క విచ్చుద్ది" అని ఒక్కటే చెప్పాడు. హైమ సెలవులు పొన్నలంకలో అంతటితో అయిపోయాయి. వెళ్ళేరోజు నా ముందు చెక్క మీద కూర్చుని అవతలి గట్టుదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తనవల్లే మావయ్య రేవు పోయిందని ఆ పిల్లకి ఎవరో చెప్పారు. అలాంటివి చెప్పడానికి ఊళ్ళో ఎవరో ఒకరు ఉంటారు.

అర్జీకి జవాబు రాలేదు. మార్తమ్మ మరొకటి పంపింది. ఆ తర్వాత ఇంకొకటి. రెండు ఎన్నికలు గడిచాక, మూడోసారి, లంకలోనే పోలింగు బూత్ పెట్టారు. ఓట్ల పెట్టెల్నీ ఉద్యోగుల్నీ నేనే దాటించాను. అప్పటికే ముసలిదాన్ని. ఆ తర్వాత ఇంజను పడవలు వచ్చాయి, నన్ను ఒడ్డుకి లాగారు. వంతెనకి మూడు స్తంభాలు లేచాయి. అవి ఇప్పటికీ మూడే.

పోయిన వేసవిలో మళ్ళీ ఓట్లు వచ్చాయి. మధ్యాహ్నం ఇంజను పడవ దిగి ఇద్దరు వచ్చారు. ఒకరు తల నెరుస్తున్న టీచరమ్మ, ఇంకొకరు ఆమె భుజం పట్టుకున్న ముసలాయన. ఆయన పేరు ఇప్పటికీ పొన్నలంక జాబితాలోనే ఉంది. కాకినాడకి మార్పించుకోమని పిల్లలు ఎంత పోరినా వినలేదట. హైమ పొద్దున్నే అక్కడ తన ఓటు వేసి, మావయ్యని ఇక్కడికి తీసుకొచ్చింది.

ఓటు వేసి వచ్చాక ఇద్దరూ నా అంచు మీద కూర్చున్నారు. వీరభద్రం నా చెక్క మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు.

"మావయ్యా, ఆ రోజు నా మీద కోపమొచ్చిందా?"

"వచ్చిందే." చెక్క మీది చెయ్యి తియ్యలేదు. "నీ మీద కాదు."

"రేవు పోయింది కదా నా మూలాన."

"పిచ్చిదానా. రేవు పోతే ఇంకో రేవు. ఆ పూట నిన్ను కొట్టుంటే మాత్రం నా మొహం నేను చూసుకునేవాణ్ణి కాదు."

హైమ నా అంచు మీది పాత మరకని వేలితో రుద్దింది. ముప్పైమూడేళ్ళుగా మోస్తున్నది దించుకోవడానికి మనుషులకి కాస్త సమయం పడుతుంది.

ఇంతలో మార్తమ్మ వచ్చింది, చేతికర్రతో. వీరభద్రాన్ని చూసి "ఇంకా ఉన్నావా?" అంది. "నువ్వున్నావని వచ్చా" అన్నాడు. ఆమె వెనక మనవరాలు కరుణ, కాలేజీ పిల్ల. అదే మొదటి ఓటు. వేలు మీది సిరా చుక్కని ఫోనులో ఫొటో తీసుకుంటోంది.

"ఎవరికేశావే?" అంది మార్తమ్మ.

"చెప్పను నాన్నమ్మా."

"నేను చెప్పినోడికేనా?"

"చెప్పనన్నానా? అయినా ఆయన ఏం చేశాడని? బోరు నీళ్ళు ఉప్పగానే ఉన్నాయి, కాలేజీకి బస్సు లేదు."

"ఆయన మంచోడే!"

"మంచోడైతే ఇంట్లో ఉంచుకో. నాకు పని చేసేవాడు కావాలి."

మార్తమ్మ కర్ర ఇసుకలో గుచ్చింది. తిడుతుందనుకున్నాను. ఈ ఒడ్డు మీదే ఒకప్పుడు ఓటు మాట గుసగుసగా చెప్పుకున్నారు. ఇప్పుడు పట్టపగలు, నలుగురూ వింటుండగా, మనవరాలు నాన్నమ్మకే ఎదురుచెబుతోంది.

మార్తమ్మ వీరభద్రం వైపు తిరిగి, గర్వం దాచుకోలేక, "చూశావా దీని నోరు?" అంది.