ఉత్తుత్తి ఓట్లు

నేను లెక్కల టీచర్ని. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీరు నవ్వుకోవడానికి వీలుగా ఉంటుంది. కోచింగులూ కోర్టు కేసులూ దాటుకుని పదకొండేళ్లకి తెచ్చుకున్న సర్కారు ఉద్యోగం నాది. వేళ్ల మీద కూడికలు చేసే పిల్లల్ని చూస్తే ఒళ్లు మండుతుంది. అలాంటి నేను సరిగ్గా యాభై దగ్గర తప్పాను.

పోలింగు నాడు నన్ను మంఖాల్ దాటాక శ్రీశైలం రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక ఊరికి ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. ఊరి పేరు చెప్పను, పాపం వాళ్ల బాధలు వాళ్లకున్నాయి. అసలు ఓటింగు ఏడింటికి మొదలవుతుంది. అంతకు ముందు ఐదున్నరకే పార్టీల ఏజెంట్ల ఎదుట యాభై ఉత్తుత్తి ఓట్లు వేయించి, మిషన్ సరిగ్గా లెక్కపెడుతోందని చూపించాలి. దాన్ని మాక్ పోల్ అంటారు. అది అయ్యాక రెండే పనులు. ఓటు పడ్డప్పుడల్లా గుర్తు అచ్చేసి చిట్టీ వదిలే వీవీప్యాట్ పెట్టెలో పడ్డ ఆ యాభై చిట్టీలూ తీసి నల్ల కవర్లో సీలు చేయాలి. మిషన్ మీద 'క్లియర్' మీట నొక్కి లెక్కను సున్నాకి తేవాలి. ట్రైనింగులో ఈ మాట మాకు చెవుల్లో జోరీగలా చెప్పారు.

అక్కడ మళ్లీ పోటీలో ఉన్న మంత్రిగారి తరఫు ఏజెంటు బాలమల్లు. డెబ్బైకి దగ్గర పడ్డ రైతు. ఉత్తుత్తి ఓట్లు అన్ని గుర్తుల మీదా తలా కొన్ని పడాలి. ఆయన మాత్రం మంత్రిగారి గుర్తు మీదే నొక్కుతూ పోయాడు.

"బాపు, వేరే గుర్తులు గూడ నొక్కాలె," అన్నాను.

"ఉత్తుత్తిదైనా సరే మేడం, ఇంకొకని గుర్తు మీదికి నా ఏలు పోదు."

అవతలి పార్టీ ఏజెంటు పాండు పకపకా నవ్వాడు. "నొక్కుకోనియ్ మేడం. పెద్దాయనకు గదే సంబురం."

అలా మంత్రిగారికి ముప్పై నాలుగు పడ్డాయి. పాండు తన గుర్తుకి ఆరు వేసుకున్నాడు. మిగిలిన పది నేనే మిగతా వాళ్లకి పంచాను. అందరం నవ్వుకున్నాం. చిట్టీలు తీసి ఒక్కోదాని వెనక స్టాంపు వేస్తుంటే మా బూత్‌లన్నీ చూసుకునే సెక్టార్ అధికారి ఫోను. "మేడం, మిషన్ రెడీనా? అందరూ రిపోర్ట్ ఇచ్చేశారు, మీరే మిగిలారు." రెడీ సార్ అన్నాను. నల్ల కవరు సీలు చేశాను, మిషన్‌కి సీలు వేశాను. క్లియర్ మాత్రం నొక్కలేదు.

కాగితాల మీద సంతకాలు ఐదింటికే పెట్టించుకున్నాను. తర్వాత తోపులాటలో కుదరదని ప్రతి బూత్‌లో అందరూ చేసే పనే. 'మిషన్ లెక్కను సున్నా చేయడమైనది' అన్న కాగితం మీద ఏజెంట్లవీ, నాదీ సంతకాలు చక్కగా ఉన్నాయి.

తొమ్మిదింటికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూద్దామని మిషన్ మీద మీట నొక్కాను. నూట ఎనభై ఏడు అంది. రిజిస్టర్లో ఓటర్ల సంతకాలు నూట ముప్పై ఏడే ఉన్నాయి. సంతకాలు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. సరిగ్గా యాభై తేడా. అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. సస్పెన్షన్ అన్న మాట ఒక్కటే బుర్రలో తిరిగింది. ఫోనులో రిజిస్టర్ లెక్కే చెప్పాను. సాయంత్రం ఓట్ల ఫారంలో కూడా రిజిస్టర్ లెక్క ఎనిమిది వందల నలభై ఆరే రాశాను. మిషన్‌లో ఎనిమిది వందల తొంభై ఆరు ఉన్నాయి.

నన్ను నేను ఓదార్చుకున్న తీరు కూడా చెప్పాలి. ఆ మంత్రిగారు నాలుగు సార్లు వరుసగా గెలిచినవాడు. పోయినసారి నలభై వేల మెజారిటీ. నలభై వేలలో నా యాభై ఎవరి కంటికి ఆనుతాయి?

ఆదివారం కౌంటింగు. మైలార్‌దేవ్‌పల్లిలో మా కిరాయి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. పొద్దుటినుంచే పెద్ద పెద్ద తలకాయలు వెనకబడటం మొదలైంది. ఎన్నడూ ఓడనివాళ్లు, ఓటమన్న మాట వింటే నవ్వేవాళ్లు, ఒకరి వెనక ఒకరు పోతున్నారు. టీవీ వాళ్లు కూడా నమ్మలేక అంకెలు రెండేసి సార్లు చదువుతున్నారు. మా మంత్రిగారి ఆధిక్యం పదిన్నరకి నాలుగు వేలు, పన్నెండుకి తొమ్మిది వందలు. ఒంటిగంటన్నరకి పదకొండు. పదకొండు వేలు కాదు, పదకొండు ఓట్లు. కింద అక్షరాలు పోతున్నాయి: 'లెక్క పూర్తి. ఒక మిషన్ మాత్రం పక్కన పెట్టిన అధికారులు.'

ఆ మిషన్ ఏ బూత్‌దో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండింటికి ఫోనొచ్చింది. రిటర్నింగ్ అధికారి రమ్మంటున్నారు, వెంటనే. మా ఆయన అరవింద్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఆ రోజు ట్రిప్పులు మానుకుని నన్ను తీసుకెళ్లాడు. శంషాబాద్ చేరాం. విమానాలు మా నెత్తిమీదుగా ఎప్పటిలాగే దిగుతున్నాయి.

"ఏమన్న అడిగితే యాదిలేదను," అన్నాడు.

"లెక్కల టీచర్కి యాదిలేదంటే ఎవరు నమ్ముతరు?"

"మరి ఉద్యోగం పోతే?"



కౌంటింగ్ జరుగుతున్న కాలేజీ గేటు ముందు బారికేడ్లు, పోలీసులు, మంత్రిగారి మనుషులు. పటాకుల డబ్బాలు చంకన పెట్టుకుని, కాల్చాలా వద్దా తెలియక నిలబడ్డారు. వాళ్లలోంచి బాలమల్లు తోసుకుంటూ వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"మేడం, నీకు దండం పెడ్త. ఏమన్న జెయ్యి, ఆ చిట్టీల పెట్టె మాత్రం తెర్వనియ్యకు."

"అది నా చేతిల లేదు బాపు."

"నీ చేతిలనే ఉన్నదంటున్నరు అందరు. జర చూడు మేడం. గది తెరిస్తే నా బతుకు ఖతమైతది."

ఒక నాయకుడి కోసం ఇంత పరేషాన్ అయ్యే మనుషులుంటారా అని ఆ గాబరాలోనూ నాకు ఆశ్చర్యమేసింది. పోలీసు నన్ను లోపలికి పంపాడు.

వరండాలో హరిప్రసాద్ ఎదురొచ్చాడు. మంత్రిగారి పీఏ. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మెత్తటి గొంతు. పక్కన ఇంకెవరూ లేరు.

"నమస్కారమండీ. మీరు క్లియర్ చేయడం మరిచిపోయారు. నాకు తెలుసు. తేడా సరిగ్గా యాభై వచ్చిందంటే ఇంకేముంటుంది చెప్పండి. మా బాలమల్లు ముప్పై నాలుగు నొక్కాడని ఆ రోజే ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాడు కూడా."

నేను పక్కనుంచి పోబోతే అడ్డం వచ్చాడు.

"కంగారు పడకండి. జనం ఒక్కసారిగా వచ్చారు, యాభై మంది సంతకాలు రిజిస్టర్లో తీసుకోలేకపోయాం అని రాసివ్వండి. అప్పుడు మిషన్ లెక్కే నిలబడుతుంది, చిట్టీలు తెరవక్కర్లేదు. మీకు ఒక మెమో ఇస్తారు, అంతే. మిగతాది సార్ చూసుకుంటారు." ఒక్క క్షణం ఆగాడు. "మీరుండేది మైలార్‌దేవ్‌పల్లిలో కదండీ? మీవారు ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతారట. కష్టపడే మనిషి."

గొంతు పెంచలేదు. అరిచి ఉంటే అంత భయపడేదాన్ని కాదు.

రిటర్నింగ్ అధికారి గదిలో ఇద్దరు అభ్యర్థుల ఏజెంట్లూ ఉన్నారు. హరిప్రసాద్ కూడా నా వెనకే లోపలికొచ్చాడు. నేను సంతకాలు చేసిన కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మేడం, మిషన్‌లో యాభై ఎక్కువున్నాయి. మాక్ పోల్ క్లియర్ చేసినట్టు మీ సంతకం ఉంది. చేశారా? ఏం జరిగిందో రాసివ్వండి. మీరు రాసేదాన్ని బట్టే మేం పైకి రిపోర్టు పంపాలి."

తెల్లకాగితం, పెన్ను నా ముందుకి జరిపాడు. అబద్ధం రాస్తే ఉద్యోగం ఉంటుంది, ఇల్లు ఉంటుంది, అరవింద్ క్షేమంగా బండి నడుపుకుంటాడు. నిజం రాస్తే అన్నీ పోవచ్చు. అంత తేలిక లెక్క నేను పిల్లలకి కూడా ఎప్పుడూ ఇవ్వలేదు.

ధైర్యంతో రాశానని అనుకోకండి. తొమ్మిదింటికి ఆ అంకె చూసినప్పటినుంచి మూడు రోజులు నేను తిన్నది లేదు, కన్ను మూసింది లేదు. అబద్ధం రాస్తే ఇదే భయం ఇంకో ఇరవై ఏళ్లు, రిటైరయ్యేదాకా మోయాలి. హరిప్రసాద్ ఎప్పుడు ఫోను చేసి ఏం చేయమంటాడో అని ఎదురుచూడాలి. అది తలచుకుంటే సస్పెన్షన్ చిన్నదిగా కనిపించింది. పైగా ఎండలో వరుస కట్టి వేలికి సిరా పూయించుకున్న ఎనిమిది వందల నలభై ఆరు మందిని నేను నా కళ్లతో చూశాను. వాళ్ల మాట మీదికి, నవ్వుతూ నొక్కిన ఉత్తుత్తి ఓట్లని ఎక్కించడానికి నా చేయి రాలేదు.

'క్లియర్ చేయలేదు. తప్పు నాదే' అని రాసి సంతకం పెట్టాను.

అవతలి వాళ్లు గట్టిగా ఊపిరి వదిలారు. హరిప్రసాద్ నా వైపు చూడకుండా బయటికి నడిచాడు. పైనుంచి అనుమతి వచ్చేసరికి గంట పట్టింది. పెట్టె తెరిచి, చిట్టీలు గుర్తులవారీగా పేర్చి లెక్కపెట్టారు. నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. చున్నీ కొస నోట్లో కుక్కుకుని కూర్చున్నాను, పళ్లు కొట్టుకోకుండా. చిట్టీలు ఎనిమిది వందల నలభై ఆరూ ఉన్నాయి, ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ బూత్‌లో మంత్రిగారికి పాండు వాళ్ల పార్టీకంటే ముప్పై ఓట్లు తక్కువొచ్చాయి.

పదకొండు ఆధిక్యంలోంచి ముప్పై పోతే పంతొమ్మిది. మంత్రిగారు పంతొమ్మిది ఓట్లతో ఓడిపోయారు. మిషన్ లెక్కే నిలబడి ఉంటే, ఉత్తుత్తి ఓట్లలో ఆయనకి ఇరవై ఎనిమిది ఎక్కువ కాబట్టి ఆ బూత్‌లో తేడా రెండే ఉండేది, తొమ్మిది ఓట్లతో గెలిచి ఉండేవారు.

ఆయన నా ముందునుంచే వెళ్లారు. తిడతారేమోనని లేచి నిలబడ్డాను. ఆయన నన్ను చూడనైనా లేదు. "ఆ ఊర్లె నాకు ముప్పై తక్కువొచ్చినయా?" అని పక్కవాణ్ని అడిగారు. "ఆ ఊర్లెనా?" అని మళ్లీ అడిగారు.

రిటర్నింగ్ అధికారి నాతో మర్యాదగానే చెప్పాడు, రేపు సస్పెన్షన్ ఆర్డరు వస్తుందని, ఎంక్వయిరీ ఉంటుందని. తలూపి బయటికొచ్చాను. గేటు ముందు అవతలి వాళ్ల పటాకులు పేలుతున్నాయి. ప్రతి పేలుడుకీ ఉలిక్కిపడుతూ రోడ్డు దాటాను. అరవింద్ బండి పక్కన బాలమల్లు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కొడతాడేమోనని ఆగిపోయాను.

"మేడం," అన్నాడు. "ఆ చిట్టీల మీద పేర్లు ఉంటయా?"

"ఏం పేర్లు బాపు?"

"ఏసినోళ్ల పేర్లు. ఎవలు ఎవలికేసిన్రో గండ్ల తెలుస్తదట గద."

"పేర్లుండవు. గుర్తు, నిలబడ్డోళ్ల పేరు, గంతే. ఓటేసినోళ్ల పేరు ఎవరిదీ ఉండదు."

"నిజంగనా? నీ పిల్లల మీద ఒట్టా?"

"నిజంగనే బాపు. ఎందుకు అడుగుతున్నవ్?"

ఆయన అటూ ఇటూ చూశాడు. మంత్రిగారి మనుషులు దూరంగా ఉన్నారు. అప్పుడు చెప్పాడు, ఏడుస్తున్నట్టే. "ఇరవై ఏండ్లు ఆయన ఎంబడి తిరిగిన మేడం. జెండలు మోసిన, మీటింగులకు మందిని తోల్కపోయిన. ఒక్కనాడు నన్ను పేరు వెట్టి పిల్వలే. 'ఓ పెద్దమనిషీ' అంటడు. అందరి ముంగట నా ఏలు పక్కకు పోలే. ఆ అట్టపెట్టె ఎనక ఒక్కన్నే ఉన్నప్పుడు పోయింది. ఎట్ల పోయిందో నాకే తెల్వది."

పొద్దుటినుంచి ఆయన వణికింది మంత్రిగారి సీటు కోసం కాదు.

ఇంతలో తెల్ల కారొకటి వచ్చి మా పక్కనే ఆగింది. అద్దం దించి హరిప్రసాద్ బయటికి వంగాడు. నన్ను లెక్కచేయలేదు.

"బాలమల్లూ, నువ్వే కదూ? ఎక్కు. ముప్పై నాలుగు సార్లు నొక్కినవాణ్ని చూడాలంటున్నారు సార్. నీ పేరు పెట్టి అడిగారు."

బాలమల్లు నా వైపు తిరిగాడు.

"పేర్లుండవన్నవ్ గద మేడం?"

"ఉండవు బాపు," అన్నాను.

ఆయన నమ్మలేదు. చెప్పులు రోడ్డు మీదే విడిచి కారెక్కాడు.