ధరణి పేరిట ఒక ఫోల్డరు

"నువ్వెట్లాగూ ఇంట్లోనే ఉంటావు కదా, నిదానంగా చేసేయ్," అని చిన్న పెట్టె ఒకటి ధరణి చేతిలో పెట్టి అంగడికి పోయాడు మొగుడు సునీల్. పాత కంప్యూటర్ ఇవాళో రేపో అన్నట్టుంది. అందులో ఉన్నదంతా ఈ పెట్టెలోకి ఎక్కించి వైఫైకి తగిలిస్తే ఇంటిల్లిపాదీ ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకోవచ్చు. ఇంట్లోనే ఉండటమంటే వంట, కూతురు కల్పన స్కూలు, మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టడం, పైగా ధర్మవరం చీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీయడం. ఇంత నిదానం ఏ ఆఫీసులోనూ దొరకదు.

ధరణి వరసగా ఫోల్డర్లు పెట్టింది. సునీల్‌కు ఒకటి, కల్పనకు ఒకటి. అత్త యశోదమ్మ ఫోల్డర్లో భజనలూ, మోకాలి ఎక్స్‌రేలూ. చనిపోయిన మామ తిమ్మరాజు ఫోల్డర్లో ఆయన కాలంనాటి గళ్ల కాగితాల డిజైన్లు. అవన్నీ ఒకప్పుడు తనే స్కాన్ చేసింది. ఇక తను గీసినవి. ఎప్పట్లాగే సునీల్ ఫోల్డర్లో వేయబోయి ఆగింది. "అన్నీ మా ఇంటి డిజైన్లే అన్నా," అంటాడు సునీల్, చూసినవాళ్లతో. గీసిందెవరని వాళ్లూ అడగరు, అతనూ చెప్పడు. ధరణి అని ఒక ఫోల్డరు పెట్టి, వాటిని అందులోకి మార్చి, పాస్‌వర్డ్ వేసింది.

వేసిందో లేదో సొంత ఇంట్లో దొంగతనం చేసినట్టయింది. మొగుడు కడుపు మాడ్చాడా, చెయ్యి చేసుకున్నాడా? లేదే. మరి తనకేం పోయేకాలం? తీసేసింది. మళ్లీ వేసింది. వసారాలో రాట్నం చప్పుడు వినిపిస్తోంది. తను చుట్టాల్సిన కండెల్ని అత్త ఆ మోకాళ్లతో కింద కూర్చుని చుట్టుకుంటోంది. తప్పు చేశానన్న బాధ ఇంకాస్త ఎక్కువైంది.

సాయంత్రం సునీల్, నాలుగు మగ్గాలున్న లింగప్పను వెంటబెట్టుకొచ్చాడు. కొత్త అంచు చూపిద్దామని ఫోన్ తీస్తే అది పాస్‌వర్డ్ అడిగింది.

"ఏంది ధరణీ ఇది? మనింట్లో మనకు తాళాలేంది?"

"నేను గీసినవి కదా. నన్నడిగి తీసుకోండి, చాలు."

"చూడమ్మా, నీ కోడలు ఏమంటాండాదో."

యశోదమ్మ రాట్నం ఆపింది. ఇక తిట్లు తప్పవని ధరణి తల దించుకుంది.

"నా పేరు మీద ఏముండాది పాపా దాంట్లో?" అనడిగింది అత్త.

"భజనలు అత్తా. ఎక్స్‌రేలు."

"అంతేనా? మీ మామ కాగితం నా ముందర పరిచి, నేను గళ్లు నింపుతాంటే పక్కన కూర్చుని బీడీ తాగేటోడు. ఆ అంచులన్నీ నేనేసినవే."

ధరణికి మొహం చెల్లలేదు. ఆ కాగితాలకు తిమ్మరాజు అని పేరు పెట్టింది తనే. ఎవరు వేశారని తనూ అడగలేదు. పొద్దుట్నుంచీ మొగుడి దగ్గర తప్పు చేశానని కుమిలింది గానీ, అసలు తప్పు ఎవరి దగ్గర చేసిందో ఇప్పుడు తెలిసింది. అక్కడే కూర్చుని మామ ఫోల్డర్లోని డిజైన్లన్నీ అత్త ఫోల్డర్లోకి మార్చింది.

"పాస్‌వర్డ్ ఏం పెట్టమంటావు అత్తా?"

యశోదమ్మ కొడుకు వైపు ఒకసారి చూసింది.

"ముందు వాళ్లను అవతలికి పొమ్మను, చెప్తా."