తడి ఆరని పటం

శనివారం వచ్చిందంటే రాగ్న్‌ఫ్రిడ్ దుప్పట్లతో పాటు పటాన్ని కూడా తీగ మీద ఆరేస్తుంది. గని తవ్వక ముందు సర్వేవాళ్లు గీసిన కొండ పటం అది. అందులో నీలం గీతగా ఉన్న వాగు వారమంతా కారుతూనే ఉంటుంది మరి. చలికాలంలో గొట్టాల్లో నీళ్లు గడ్డకడితే పక్కింటి గుడ్లౌగ్ చెంబు పట్టుకుని వచ్చేస్తుంది. "అక్కా, కాఫీకి కాసిని వాగునీళ్లు పొయ్యవూ?"

అసలు వాగు మాత్రం నలభై ఏళ్ల కిందటే పోయింది. రాగి గనివాళ్లు సొరంగం తవ్వి నీళ్లన్నీ అందులోకి మళ్లించేశారు. రాగి ధర పడిపోయింది, గని మూతపడింది, వాగు తిరిగి రాలేదు. ఇప్పుడు కొత్త కంపెనీ ఆ గని తెరుస్తుందట. రాగి తీశాక మిగిలే రాతి బురద పొయ్యడానికి వాళ్లకి దొరికిన చోటు ఆ ఎండిన లోయ. రాగ్న్‌ఫ్రిడ్ వేసవంతా గుడిసెలో ఉండి మేకల్ని మేపుకునేది అక్కడే. ఆ లోయ పోతే ఆమెకి బతుకే లేదు.

బళ్లో విచారణ పెట్టారు. జిల్లా అధికారి స్కెల్‌బ్రెడ్ కొత్త పటం పరిచాడు.

"చూడండమ్మా, వాగుంటే బురద పొయ్యనివ్వం, రూలు అది. ఇక్కడ వాగు లేదు కదా."

"లేకుండా చేసిందెవరయ్యా?"

"అదంతా పాత సంగతి."

"పాతదా? అయితే పాతదే చూడు!" అంటూ ఆమె తన పటాన్ని దాని మీద పరిచింది.

"అయ్యో, కాగితాలు తడిసిపోతున్నాయి!" అని కంపెనీ మనిషి లేచాడు.

"తడవనీ. మా లోయ నలభై ఏళ్లు ఎండలేదూ?"

ఆ రోజు నీలం గీత చుక్కలుగా కారలేదు, పారింది. బల్ల దిగి, అధికారి బూట్లు తడిపి, గుమ్మం దాటి, వీధి వెంట కొండెక్కింది. జనం పక్కకి జరిగి దారిచ్చారు. స్కెల్‌బ్రెడ్ కొత్త పటం చంకన పెట్టుకుని తడి మేజోళ్లతో వెనకాలే నడిచాడు. పైన లోయలో నీళ్లు పాత వంపులన్నీ తిరిగి రాళ్ల మధ్య సర్దుకున్నాయి. మేకలు వచ్చి మూతులు పెట్టాయి.

"ఇప్పుడు చెప్పు. ఇది వాగా, కాదా?"

స్కెల్‌బ్రెడ్ మోకాళ్ల మీద కూర్చుని, నీలం పెన్సిల్ తీసి, కొత్త పటం మీద వాగు గీశాడు. కంపెనీ మనిషి తిట్టుకుంటూ కొండ దిగిపోయాడు.

రాగ్న్‌ఫ్రిడ్ చుట్టి తెచ్చుకున్న తన పటం విప్పి చూసుకుంది. నీలం గీత లేదు. కాగితం అప్పడంలా ఎండిపోయి ఉంది. నలభై ఏళ్ల తోడు మరి, కళ్లు తుడుచుకుంది.

మూడు రోజులకి ఆఫీసు నుంచి స్కెల్‌బ్రెడ్ ఫోన్ చేశాడు. "అమ్మా, మా పటం కారుతోంది. ఏం చెయ్యాలి?"

"కింద బకెట్ పెట్టు. శనివారం శనివారం ఆరేసుకో. గీత చెరిపావో, నేనే వస్తా!"