కళ్ళు తెరిచిన నిద్ర

తలుపు కొక్కేనికి తడి తువ్వాలు తగిలించినందుకు ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్ళకు మాటామాటా వచ్చింది. దాని నీడ చూసే పిల్లాడు జడుసుకుంటున్నాడని అత్తగారు ప్రమీల అంది. పట్టపగలు నీడెక్కడిదని సుకన్య అడిగింది. తువ్వాలు తీసి కుర్చీ మీద వేస్తే, కుర్చీ తడిసిందని ఇంకో మాట.

అసలు గొడవ తువ్వాలుది కాదు. కొన్నాళ్ళుగా మూడేళ్ళ జోయెల్ నిద్రపోయిన కాసేపటికే లేచి కూర్చుని, కళ్ళు తెరిచే కెవ్వుమంటున్నాడు. ఎత్తుకోబోతే తల్లినైనా గుర్తుపట్టక తన్నుతున్నాడు. ఈ వయసులో కొందరికి ఇది మామూలేననీ, లేపకుండా, పట్టి ఊపకుండా, పడిపోకుండా చూసుకుంటే చాలనీ పిల్లల డాక్టరు చెప్పాడు. ఆ మాట ప్రమీల చెవికెక్కలేదు. వాడు అరిచినప్పుడల్లా లైట్లన్నీ వేసి, భుజాలు పట్టి కుదిపి, నెత్తిన చెయ్యిపెట్టి గట్టిగా ప్రార్థన చేసేది. శుక్రవారం పాస్టరుగారు సంఘస్థులతో వచ్చి, జోయెల్‌ను మధ్యలో కూర్చోబెట్టి సాతానును వెళ్ళగొడతారని ఖాయం చేసేసింది. సుకన్య భర్త శాంసన్ తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు.

సాయంత్రం అత్తాకోడళ్ళిద్దరూ పిల్లాణ్ణి తీసుకుని తార్నాక నుంచి యూనివర్సిటీ లోపలికి నడిచారు. జోయెల్ ఆవులిస్తూనే ఉన్నాడు, ఎత్తుకుంటానంటే మాత్రం రాడు.

"మమ్మీ, నేను పడుకుంటే నాలోకి సాతాను వస్తాడంట. నేను పడుకోను."

సుకన్యకు అడుగు పడలేదు. వెనకే వస్తున్న అత్తగారు విన్నదో లేదో తెలియలేదు.

ఆర్ట్స్ కాలేజీ ఎదుట గడ్డి మీద కూర్చోగానే వాడి పంతం తల్లి ఒళ్ళో ఓడిపోయింది. నిద్రపట్టిన కాసేపటికి దిగ్గున లేచి కూర్చున్నాడు. కళ్ళు ఇంత చేసుకుని, ఎవరినీ చూడకుండా అరిచాడు. నడకకు వచ్చినవాళ్ళు ఆగిపోయారు.

"ఏమైందమ్మా పోరనికి? మొఖం మీద నీళ్ళు కొట్టున్రి," అంటూ ఒకామె బాటిల్ మూత తీసింది. ప్రమీల చెయ్యి మనవడి తలవైపు సాగింది. సుకన్య ఆ చేతిని మధ్యలోనే పట్టుకుంది. కాపురానికొచ్చాక అత్త చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదలు.

"ముట్టుకోకండి అత్తయ్యా. వాడింకా నిద్రలోనే ఉన్నాడు."

అరుపు ఇంకా పెరిగింది. డాక్టరు మాటే తప్పయితే? సుకన్య రెండో చెయ్యి పిల్లాడి వీపు వెనక, తగలకుండా అడ్డం పెట్టి అలాగే ఉండిపోయింది. మెల్లగా అరుపు మూలుగయింది. జోయెల్ పక్కకు ఒరిగి ఆమె మోకాలి మీద తలపెట్టి ఎప్పటిలా నిద్రపోయాడు. లేచాక వాడికేమీ గుర్తులేదు. మొక్కజొన్న కంకి కావాలన్నాడు.

భోజనాల దగ్గర శాంసన్ శుక్రవారానికి కుర్చీలు ఎన్ని తెప్పించాలని తల్లిని అడిగాడు. ఆమె తల ఎత్తకుండా అన్నం కలుపుతోంది. సుకన్య పప్పుగిన్నె కింద పెట్టింది.

"ప్రార్థన ఇంటికోసం పెట్టుకుందాం అత్తయ్యా. జోయెల్‌ని మాత్రం మధ్యలో కూర్చోబెట్టను. సాతాను పేరు వాడి ముందు ఇంకెవరూ ఎత్తరు. ఇకనుంచి వాడు అరిస్తే దగ్గర కూర్చునేది నేనొక్కదాన్నే."