కడిగి పంపిన కడుపు

తనిఖీకి మనిషి వస్తున్నాడని తెలిస్తే చాలు, బేకరీ ఆయన కాలు ఒకచోట నిలవదు. బల్లలు కడిగిస్తాడు, రేకులు తోమిస్తాడు, ఓవెను వెనకాల పోగుపడిన పాత గోతాలన్నీ ఇంటికి చేరవేస్తాడు. వచ్చినాయన మెచ్చుకుని వెళ్తాడు. మర్నాడు గోతాలు మళ్లీ ఓవెను వెనక్కే. అది మోసమని ఆయనకి ఏనాడూ తోచలేదు. ఆయన దృష్టిలో అది మర్యాద.

కూతురి విషయంలోనూ ఆ మర్యాదే పాటించాడు.

ఆ పిల్లని మేనత్త ముద్దుగా 'పుల్ల' అంటే ఆ పేరే ఖాయమైపోయింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. తిన్నది ఒంటికి పట్టదు, కడుపుబ్బరం, ఒంట్లో రక్తం లేదు, పుస్తకం తెరిస్తే కళ్లు మూతపడతాయి. ఎన్ని టానిక్కులు మింగినా గుణం కనిపించలేదు. చివరికి ఆసుపత్రిలో డాక్టరమ్మ అంది: "గోధుమ పడటం లేదేమో. సీలియాక్ అంటారు. గోధుమలో ఉండే గ్లూటెన్ కొందరి పేగుల్ని లోపల్నుంచి పాడుచేస్తుంది. రక్తపరీక్ష చేద్దాం."

బేకరీ ఆయనకి తల కొట్టేసినట్టయింది. వీధంతా ఎగబడి కొనుక్కునే రొట్టె సొంత కూతురికే పడదా?

"నా రొట్టె మీద నింద వేస్తే ఊరుకుంటానా?" అన్నాడు ఇంటికొచ్చాక.

"నింద కాదు, పరీక్ష," అంది భార్య.

"పరీక్షలో తేలితే అదే నింద!"

పరీక్షకి వంతు రావాలంటే నెలల తరబడి ఆగాలన్నారు. ఆయనకి కావలసిందీ అదే. ఆ రోజు నుంచే పుల్లకి రొట్టె, బన్ను, బిస్కెట్టు అన్నీ బంద్.

"డాక్టరమ్మ మానెయ్యమనలేదుగా నాన్నా?"

"తనిఖీకి ముందు కడుక్కోమని ఎవరైనా వేరే చెప్పాలా తల్లీ?"

చిత్రంగా పుల్ల తేరుకుంది. బుగ్గలు నిండాయి, పుస్తకం ముందు మెలకువగా కూర్చుంటోంది. "చూశావా, కడిగితే ఎంత తేడానో!" అని ఆయన మురిసిపోయాడు. ఆ తేడా దేన్ని వేలెత్తి చూపిస్తోందో భార్య చెప్పబోతే, ఓవెన్లో రొట్టె మాడుతోందని లేచి వెళ్లిపోయాడు.

ఫలితం వచ్చింది. రక్తంలో ఏ దోషమూ లేదు. బేకరీ ఆయన వీధి వీధంతా కేకు పంచాడు. మొదటి ముక్క తన చేత్తోనే కూతురి నోట్లో పెట్టాడు. ఆ సాయంత్రమంతా పుల్ల బాత్రూం తలుపు తెరిస్తే ఒట్టు.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పరుగు.

"పరీక్షకి ముందు రొట్టె తిన్నావామ్మా?"

"ముట్టుకోనిస్తేగా! నేనే కాపలా ఉన్నానండీ," అన్నాడు బేకరీ ఆయన గర్వంగా.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "గోధుమ మీద ఒళ్లు చేసే యుద్ధం జాడ వెతుకుతుందండీ ఆ పరీక్ష. మీరు శత్రువునే ముందుగా సాగనంపేశారు. మానొద్దని చెప్పకపోవడం మా తప్పే. ఇప్పుడు మళ్లీ కొన్ని వారాలు రోజూ తినాలి. అప్పుడు చూద్దాం."

"నా చేత్తో నేనే పెట్టాలా?" అన్నాడాయన.

"నువ్వే పెట్టు నాన్నా," అంది పుల్ల. "చివరి సంవత్సరం ఇలా తూలుతూ చదవలేను. ఏదో ఒకటి తేలిపోవాలి."

మొదటిరోజు ఆయన కాగితమంత పల్చగా కోసి ఇచ్చాడు. "మందంగా కొయ్యి. ఇది నీ కొట్టు తనిఖీ కాదు," అంది కూతురు. ఆ వారాలన్నీ ఆయన రొట్టె కోసేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకునేవాడు. పిల్ల కళ్ల కింద నలుపు మళ్లీ తేలింది. ఈసారి రక్తం ఉన్నదున్నట్టు చెప్పేసింది: సీలియాకే. గొంతులోంచి గొట్టం వేసి చూసినా అదే మాట.

ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ గట్టిగా చెబుతోంది: "సీలియాక్ పరీక్షాండీ? రొట్టె మానకండి, తింటూనే రండి!" తన రొట్టెకి ఇంత ప్రచారం ఏనాడూ జరగలేదని బేకరీ ఆయనకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇంట్లో రక్తసంబంధీకులకీ చూడాలి," అంది డాక్టరమ్మ. "మీకు కడుపులో ఇబ్బందేమైనా ఉందా?"

"నాకేముంటుందండీ? కాస్త గ్యాసు. టీ ఎక్కువై."

"టీయా?" భార్య అందుకుంది. "పెళ్లయిన దగ్గర్నుంచీ నా వంట వల్లే అన్నారుగా!"

"రొట్టెగానీ మానేశారా?" అడిగింది డాక్టరమ్మ.

"మానడమా! రోజూ మొదటి వాయి రుచి చూసేది నేనే."

"హమ్మయ్య, ఈసారి కడక్కుండా వచ్చాడు," అంది పుల్ల.

ఆయన రక్తమూ ఏమీ దాచలేదు.

మర్నాడు మొదటి వాయి దిగింది. అలవాటు కొద్దీ ఒక ముక్క తుంచి నోటిదాకా తెచ్చుకున్నాడు. ఆగి, వాసన చూసి, పక్కనున్న భార్యకి అందించాడు.

"ఉప్పు సరిపోయిందేమో చూసి చెప్పు."

"ఇన్నాళ్లకి నా నాలుక మీద గురి కుదిరింది కాబోలు," అని ఆవిడ తీరిగ్గా నమిలింది. ఆయన ఆవిడ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.